హ్యాండ్ బ్రేక్ లూజైందా? కేబుల్ బిగించే ముందు డ్రమ్ము చూడండి

కడపలో మా ఇల్లు వీధికంటే ఎత్తులో ఉంటుంది. గేటు నుంచి వసారా దాకా కడప బండలు పరిచిన ర్యాంపు. మా 2006 మోడల్ మారుతి 800ని ఎప్పుడూ అక్కడే నిలుపుతాను. నిరుడు ఎండాకాలం ఒక సాయంత్రం హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్లోనే వదిలేసి దిగాను. ఇంట్లో చెప్పులు విడుస్తుండగానే "ఒరేయ్, బండి కదల్తాండాది రా!" అని అమ్మ కేక. నేను బయటికి వచ్చేసరికి బండి గేటు దాటి, వీధికి అడ్డంగా పోయి, ఎదురింటి అరుగుకు ఆనుకుని నిలబడింది. ఆ వేళకు మా వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఆ రోజు ఇంకా రాలేదు.

మరుసటి రోజు షెడ్డుకు తీసుకుపోతే మేస్త్రి సీట్ల మధ్య కవరు తీసి హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించే నట్టు తిప్పాడు. "రెండు చుట్లు బిగించినా న్నా, ఇంక సరిపోతాది" అన్నాడు. లివరు గట్టిగానే వచ్చింది. రెండు నెలలకు మళ్లీ లూజు, మళ్లీ రెండు చుట్లు. ఆ తర్వాత ఒకసారి కడప దగ్గరి గువ్వలచెరువు ఘాటు దిగి వచ్చి ఆపితే, వెనక కుడి చక్రం దగ్గర కాలిన వాసన. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు (చక్రంతో పాటు తిరిగే గుండ్రటి డబ్బాలు) విప్పించాక సంగతి బయటపడింది. ఎడమ చక్రంలో బ్రేకు సందు సర్దే అడ్జస్టరు తుప్పుకు బిగుసుకుపోయి ఉంది. అక్కడ షూకూ (డ్రమ్మును లోపలి నుంచి అదిమి ఆపే ముక్క) డ్రమ్ముకూ మధ్య సందు పెరిగిపోయి బ్రేకు పట్టడమే లేదు. బాగున్న కుడి వైపు మాత్రం, కేబుల్ అతిగా లాగి ఉన్నందువల్ల, ఎప్పుడూ డ్రమ్మును రాసుకుంటూనే ఉంది. కేబుల్లో ఏ లోపమూ లేదు.

పాత చిన్న కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనక రెండు చక్రాల మీదే పనిచేస్తుంది. లివరు కేబుల్‌ను లాగుతుంది, కేబుల్ డ్రమ్ములో ఉన్న చిన్న లివరును లాగుతుంది, అది షూలను డ్రమ్ముకు అదుముతుంది. షూ మీది రాపిడి పొర, అంటే లైనరు, అరిగేకొద్దీ సందు పెరుగుతుంది. ఆ సందు తగ్గించే పని అడ్జస్టరుది. చాలా బండ్లలో అది తనంతట తానే సర్దుకుంటుంది. అయితే లోపలి చిన్న లివరు పూర్తిగా వెనక్కి వచ్చి ఆనుకుంటేనే ఆ సర్దుబాటు సరిగ్గా జరుగుతుంది. కేబుల్ ముందే బిగించేస్తే ఆ చిన్న లివరు వెనక్కి రాదు, అడ్జస్టరు పనిచేయదు, సందు ఇంకా పెరుగుతుంది. బిగించిన ప్రతిసారీ రోగం ముదురుతుందన్నమాట.

లివరు చాలా పైకి వస్తోంది, అయినా బండి నిలవడం లేదు

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. ముందు లివరు లాగేటప్పుడు వినిపించే టిక్కులు లెక్కపెట్టండి. చాలా చిన్న కార్లలో 5 నుంచి 8 టిక్కుల లోపే బ్రేకు పట్టాలి. కచ్చితమైన లెక్క మీ బండి పుస్తకంలో ఉంటుంది. పది దాటి పోతోందంటే తప్పు డ్రమ్ములో ఉందా, కేబుల్లో ఉందా అని తేల్చుకోవాలి. దానికి ఏదీ విప్పనక్కర్లేని పరీక్ష ఒకటుంది. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ దించి, కాలి బ్రేకు ఒకసారి తొక్కి ఎంత లోపలికి పోతోందో గమనించండి. తర్వాత హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి ఉంచి మళ్లీ తొక్కండి. ఈసారి పెడల్ బాగా పైనే ఆగిపోతే, వెనక డ్రమ్ముల్లో సందు ఎక్కువగా ఉన్నట్టే. రెండుసార్లూ పెడల్ ఒకేలా ఉండి, లివరు మాత్రం పొడుగ్గా వస్తుంటే కేబుల్ సాగిందని అనుమానించవచ్చు. మా బండికి ఈ పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే మూడు నెలలు తిరిగే పని తప్పేది.

సందు ఎక్కువని తేలితే డ్రమ్ము విప్పాల్సిందే. వెనక భాగం జాకీ మీద లేపాక హ్యాండ్ బ్రేక్ దించేయాలి కాబట్టి, ముందు చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలో, మంచి రాళ్లో అడ్డం పెట్టండి. మట్టి నేల మీద జాకీ వేయకండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకండి, స్టాండు పెట్టండి. డ్రమ్ము ఊడి రాకపోతే సుత్తితో బాదకుండా, ముందు కేబుల్ నట్టు వదులు చేసి, అడ్జస్టరును వెనక్కి తిప్పి చూడండి. డ్రమ్ము అంచున అరుగుదలతో ఏర్పడిన గట్టుకు షూ తట్టుకుంటూ ఉంటుంది. కొన్ని బండ్లలో వెనక బేరింగు డ్రమ్ములోనే ఉంటుంది, మధ్యలో స్ప్లిట్ పిన్ను (నట్టు ఊడకుండా గుచ్చి వంచే పిన్ను) వేసిన పెద్ద నట్టు ఉంటుంది. అలాంటిదైతే తిరిగి బిగించేటప్పుడు పుస్తకంలో చెప్పిన బిగువే ఇవ్వాలి, పిన్ను కొత్తది వేయాలి. ఆ పనిముట్లు లేకపోతే ఈ పని షెడ్డులోనే చేయించండి.

డ్రమ్ము తీయగానే నల్లటి ధూళి కనిపిస్తుంది. గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. షెడ్డులో పనిచేసే పిల్లలు నోటితో ఊదడం చూస్తుంటాను. చూసినప్పుడల్లా వద్దని చెబుతున్నాను, మీరూ చెప్పండి.

లైనరు మందం 1 మిల్లీమీటరు దగ్గరికి వచ్చి ఉంటే మార్చాలి, అదీ రెండు వైపులా. ఒక్క వైపే కొత్తవి వేస్తే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి విప్పకండి. ఏ స్ప్రింగు ఎక్కడ తగిలించాలో తెలియకపోతే రెండో వైపు చూసి పెట్టుకోవచ్చు. ఫోన్లో ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది. అడ్జస్టరు చేత్తో కదులుతోందా చూడండి. మాదైతే తుప్పు పట్టి రాయిలా ఉండింది. వైరు బ్రష్షుతో గీకి, దాని మర చుట్ల మీద బ్రేకులకు వాడే గ్రీజు సన్నగా రాస్తే కదిలింది. గ్రీజు లైనరుకు తగలకూడదు.

లివరు గట్టిగానే వస్తోంది, బండి మాత్రం జారుతోంది

కేబుల్ తన తొడుగులో తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. చేతికి తగిలే బరువంతా ఆ రాపిడిదే, చక్రం దాకా బలం చేరదు. అలాంటి కేబుల్‌కు నూనె పోసి కాలం గడపొద్దు, మార్చేయండి. అది కాకపోతే లైనరు మీద బ్రేకు ఆయిల్ పడి ఉంటుంది. డ్రమ్ములో పైన ఉండే వీల్ సిలిండరు (కాలి బ్రేకు తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో షూలను నెట్టేది) రబ్బరు అంచు కొంచెం ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే సిలిండరు కారుతోంది. ఇది కాలి బ్రేకుకు సంబంధించిన ప్రమాదం కూడా, కాబట్టి బండిని బాగుచేసే దాకా రోడ్డెక్కించకండి. ఆయిల్ పీల్చిన లైనరును పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తుంటారు. ఒప్పుకోకండి.

లివరు పైన నిలవడం లేదు, లేదా బరువే లేకుండా లేస్తోంది

నిలవకపోతే లివరు కింది పళ్లు అరిగాయి, లేదా బటన్ స్ప్రింగు పోయింది. లివరు మార్చడమే దారి. బరువే లేకుండా లేస్తే కేబుల్ తెగింది లేదా కొక్కెం నుంచి ఊడింది.

చివరన కేబుల్

డ్రమ్ముల పని అయ్యాక కాలి బ్రేకును నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి షూలను కూర్చోనివ్వండి. చేత్తో తిప్పే అడ్జస్టరైతే చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి తిప్పండి. అప్పుడే కేబుల్ నట్టు ముట్టుకోవాలి. లివరు పూర్తిగా దించి ఉన్నప్పుడు రెండు వెనక చక్రాలూ రాసుకోకుండా తిరగాలి. చెప్పిన టిక్కుల లోపు రెండూ ఒకేసారి పట్టాలి. ఒకటి పట్టి ఒకటి తిరుగుతుంటే, తిరుగుతున్న వైపు మళ్లీ చూసుకోవాల్సిందే.

తర్వాత ర్యాంపు మీద నిలిపి, కాలు బ్రేకు మీదే ఉంచి, హ్యాండ్ బ్రేక్ లాగి, కాలు మెల్లగా తీయండి. సీట్లోంచి దిగకుండా చేయండి, బండి వెనక ఎవరూ ఉండకూడదు. నేను మొన్న గువ్వలచెరువు దాకా పోయి, పాలకోవా అంగళ్ల ముందు ఆపి, రెండు వెనక చక్రాల దగ్గరా తాకకుండా చెయ్యి పెట్టి చూశాను. రెండు వైపులా వేడి ఒకేలా ఉంది. లివరు ఆరో టిక్కుకు పట్టింది. గేరు కూడా వేసే దిగాను.