వర్డ్ టేబుల్‌ని ఎక్సెల్‌లోకి తెచ్చిన పద్ధతి (నా అనుభవం)

మల్కాజిగిరిలో మా కాలనీ సంఘం సభ్యుల లిస్టు మొత్తం వర్డ్‌లో ఉంది, దాన్ని ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే అడ్రస్ గడిలో ఎక్కడెక్కడ ఎంటర్ కొట్టి ఉందో అక్కడల్లా ముక్కలై ఒక్కో మనిషి మూడు నాలుగు వరసల్లోకి పోయాడు. పైగా 1-8-22 లాంటి ఇంటి నంబర్లన్నీ తేదీలైపోయాయి, మన హైదరాబాద్ నంబర్లతో ఇదే పెద్ద తలనొప్పి.

ఏం చేశానంటే, ముందు వర్డ్‌లోనే టేబుల్ సెలెక్ట్ చేసి కంట్రోల్ హెచ్ కొట్టి, ఫైండ్‌లో క్యారెట్ గుర్తు (^), దాని పక్కనే చిన్న పి (^p, అంటే ఎంటర్ కొట్టిన చోటు), రీప్లేస్‌లో ## పెట్టి రీప్లేస్ ఆల్ కొట్టా. ప్రతి గడి చివర వర్డ్ పెట్టుకునే గుర్తు ఈ వెతుకులాటకి దొరకదు కాబట్టి టేబుల్ చెదరదు. మిగతా డాక్యుమెంట్‌లో కూడా వెతకాలా అంటే నో అనండి. తర్వాత ఎక్సెల్‌లో కాలమ్స్‌ని *పేస్ట్ చేయకముందే* టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చి, మ్యాచ్ డెస్టినేషన్ ఫార్మాటింగ్‌తో పేస్ట్ చేశా. తేదీ అయ్యాక టెక్స్ట్‌కి మారిస్తే ఏదో అంకె మిగులుతుంది, పాత నంబర్ రాదు. చివర్లో ఎక్సెల్‌లో కంట్రోల్ హెచ్ కొట్టి, ఫైండ్‌లో ##, రీప్లేస్‌లో కంట్రోల్ జె ఇచ్చి రీప్లేస్ ఆల్ కొడితే లైన్లు మళ్లీ గడిలోపలే వచ్చేశాయి, వ్రాప్ టెక్స్ట్ ఆన్ చేస్తే కనిపిస్తాయి.

డేటాబేస్‌కి పంపాలంటే సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) రకాల్లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఉన్నదే ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీలో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.