పక్కింటికి వినపడకుండా ట్యూబ్ ఆంప్‌లో మంచి ఓవర్‌డ్రైవ్ రాబట్టడం ఎలా?

విజయనగరంలో ఇంట్లో సంగీత సాధన కొత్త కాదు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు. వీణ, వయొలిన్ ఎంతసేపు వాయించినా ఎవరూ ఏమీ అనరు. కానీ మా సందులో రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. గిటార్‌కి తగిలించిన 15 వాట్ల ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో గిటార్ సౌండ్ పెంచే పెట్టె) వాల్యూమ్ సగం దాకా తిప్పేసరికి పక్కింటి పిన్నిగారి అలమరలో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. "నాయనా, గుంటకి రేపు పరీక్ష ఉందిరా" అన్నారంతే. సౌండ్ తగ్గించాను, కానీ ఓవర్‌డ్రైవ్ అనే ఆ గరుకుదనం కూడా పోయింది. దాన్ని మళ్లీ రాబట్టడానికి చాలా రోజులు పట్టింది.

ముందు ఆ గరుకు ఎక్కడ పుడుతుందో తెలియాలి. ఆంప్‌లో ముందుండే చిన్న ట్యూబులు, ఎక్కువగా 12ఏఎక్స్7, గిటార్ సిగ్నల్‌ని పెంచుతాయి. వెనకుండే పెద్ద ట్యూబులు స్పీకర్‌ని నడుపుతాయి. రెండు చోట్లా ఓవర్‌డ్రైవ్ వస్తుంది. చిన్న ట్యూబులది తక్కువ సౌండ్‌లోనూ దొరుకుతుంది. పెద్దవాటిది కావాలంటే ఆంప్ గట్టిగా పనిచేయాల్సిందే.

మాస్టర్ వాల్యూమ్ (చివరికి బయటికొచ్చే సౌండ్‌ని తగ్గించే నాబ్) ఉంటే దాన్ని సున్నాకి తెచ్చి, గెయిన్ (చిన్న ట్యూబుల్ని ఎంత గట్టిగా తోయాలో చెప్పే నాబ్) 6 లేదా 7 దగ్గర పెట్టండి. ఒక తీగ మీటుతూ మాస్టర్‌ని గోరంత, గోరంత తిప్పండి. చాలా ఆంపుల్లో మొదటి కాస్త తిప్పులోనే సౌండ్ ఒక్కసారి ఎగబాకుతుంది. అందుకే తొందర పడకూడదు.

ఇంకా పలచగా ఉంటే గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ పెడల్ కలపండి. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ బాగా ఎక్కువ. ఇక్కడ పెడల్ పని గరగరలాడటం కాదు, ముందు ట్యూబుని గట్టిగా తోయడం. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. గిటార్ వాల్యూమ్ 7కి తగ్గిస్తే శుభ్రంగా, 10కి పెంచితే గరుకుగా పలుకుతుంది.

తక్కువ సౌండ్‌లో మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుంది. దాంతో బేస్ నాబ్ పెంచాలనిపిస్తుంది. కొంచెమే పెంచండి, ఎందుకంటే గోడ దాటి వెళ్లేది ముఖ్యంగా బేసే. ఆంప్‌ని నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టి, స్పీకర్ మీ ముఖం వైపు ఉండేలా వెనక్కి వాల్చండి. అప్పుడు తక్కువ సౌండే మీకు నిండుగా వినిపిస్తుంది.

చిన్న ఆంప్ కొంటే సరిపోతుందనుకుంటారు. 15 వాట్ల నుంచి 5 వాట్లకి దిగితే తగ్గేది సుమారు 5 డెసిబెల్సే. చెవికి సౌండ్ సగమైనట్టు అనిపించాలంటే వాట్లు పదో వంతుకి పడిపోవాలి.

పెద్ద ట్యూబుల గరుకే కావాలంటే ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య అటెన్యుయేటర్ (స్పీకర్‌కి వెళ్లే పవర్‌ని తగ్గించే పెట్టె) పెట్టాలి. దాని మీద రాసిన ఓమ్స్ (ఇంపిడెన్స్ అంకె) ఆంప్‌తో కలవాలి, ఆంప్ వాట్లని అది తట్టుకోవాలి. గిటార్ కేబుల్ కాదు, స్పీకర్ కేబులే వాడండి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ ఎప్పుడూ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ప్లగ్ తీసేసినా లోపల వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు, కాబట్టి విప్పే పని మెకానిక్‌కే వదిలేయండి.

అన్నీ కుదిరాక తలుపు మూసి, ఎవరినైనా వాయించమని సందులోకి వెళ్లి వినండి. గుప్పుగుప్పుమని బేస్ ఒక్కటే వినిపిస్తుంటే లోపలికొచ్చి ముందు ఆ నాబ్ తగ్గించండి.