పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన లినక్స్ వేసే ముందు

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అదే మెషీన్‌లో ఉబుంటునో మింటునో (ఇవి లినక్స్ రకాలు) పెట్టేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• డేటా కాపీ బయటి డిస్కులో ఉండాలి. అందులోంచి రెండు ఫైళ్లు తెరిచి చూడండి. ఇన్‌స్టాలర్‌లో డిస్కు మొత్తం చెరిపే ఆప్షన్ నొక్కితే డీ డ్రైవు కూడా పోతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది వేరే డిస్కు కాదు, అదే డిస్కులో ఇంకో ముక్క.

• బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. సెక్యూర్ బూట్ (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగ్) మారిస్తే విండోస్ అదే అడుగుతుంది. కీని ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచడమంటే తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

• డీడీ కమాండ్‌తో (dd, చెప్పిన డిస్కు మీద నేరుగా రాసేస్తుంది) లినక్స్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేస్తుంటే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk, డిస్కుల జాబితా చూపే కమాండ్) కొట్టి సైజు చూడండి. 14.9జీ అంటే 16 జీబీ పెన్‌డ్రైవ్. 931జీ అంటే మీ 1 టీబీ డిస్కు! తప్పు డిస్కు పేరిచ్చినా డీడీ ‘నిజంగానా?’ అని అడగదు, దాన్ని చెరిపేస్తుంది.

• ఇన్‌స్టాలర్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి (మెషీన్ ఆన్ కావడానికి కావలసిన ఫైళ్లుండే చిన్న ముక్క) ఫార్మాట్ టిక్ పెట్టకండి. విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి.

• విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యేలా చేసే సెట్టింగ్) ఆపండి. లేకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ నుంచి విండోస్ డ్రైవులో ఏమీ రాయడం కుదరదు.

• సీ డ్రైవును విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కుదించండి. లినక్స్ కోసం 40 జీబీ ఖాళీ చేస్తే చాలు.