తుఫాను నెలలకు ముందు: యాంకర్ బోల్టు (స్తంభాన్ని పునాదికి పట్టి ఉంచే బోల్టు) మోడల్‌లో చూసుకోవలసినవి

అక్టోబరు లోపు రేకుల షెడ్డు కట్టేయాలని భీమవరం నుంచి అమలాపురం దాకా అందరికీ తొందరే. ఆ తొందరలో బేస్ ప్లేట్ (స్తంభం అడుగున ఉండే ఉక్కు పలక) జాయింటుని ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే జాయింటుని చిన్న ముక్కలుగా చేసి బలం లెక్కగట్టే ప్రోగ్రాంలో, పెడతాం, బోల్టు ఆకుపచ్చరంగులో, అంటే భద్రంగా ఉన్నట్టు, కనిపిస్తుంది, ఫైలు ప్రింటుకి వెళ్లిపోతుంది. మన చేల మధ్య షెడ్లలో ముందు తెగేది బోల్టు కాదు, దాని చుట్టూ ఉన్న కాంక్రీటు. చూడాల్సింది అక్కడ.

ముందు లోడు. ఈ తీరంలో ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే చదరపు మీటరుకు సుమారు 1.5 కిలోన్యూటన్ల ఒత్తిడి. రేకులు, వాటిని మోసే పర్లిన్ల (అడ్డ కడ్డీల) బరువు దాని ముందు ఏపాటి? కాబట్టి గాలి కప్పుని పైకి లాగే లోడు కేసే అసలు కేసు. తీరానికి 60 కి.మీ. లోపు కట్టే పరిశ్రమ షెడ్డుకి గాలి లోడుకి భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం (2015) 1.15 గుణకం అడుగుతుంది. అది వేగానికి వేసేది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 32 శాతం పెరుగుతుంది.

ఇక కాగితం మీద ఒక లెక్క. 200 మి.మీ. లోతున తల ఉన్న బోల్టుని లాగితే కాంక్రీటు గరాటులా ఊడివస్తుంది. పైన ఆ గరాటు వెడల్పు లోతుకి మూడింతలు, 600 మి.మీ. లెక్కలో దాన్ని చదరంగా తీసుకుంటే ఒక్క బోల్టుకి 3,60,000 చదరపు మి.మీ. కావాలి. మన పెడెస్టల్ (బేస్ ప్లేట్ కూర్చునే కాంక్రీటు దిమ్మ) 400 మి.మీ. చదరమైతే నాలుగు బోల్టులకీ కలిపి ఉన్నది 1,60,000. ఒక్కదానికి కావలసిన దాంట్లో సగం కూడా లేదు! ఆ లాగుడంతా పెడెస్టల్ నిలువు రాడ్లే మోయాలి. అందుకే బోల్టు ఇంకా లోతుకి దిగాలి, గరాటుకి కింద రాడ్డుకి పట్టు పొడవు (కాంక్రీటులో గట్టిగా పట్టుకునేంత పొడవు) మిగలాలి. రాడ్లు లేని మోడల్, రాడ్లు గీసినా కింద పట్టు చూడని మోడల్, రెండూ ఒకటే.

మోడల్‌లో బోల్టుని కాంక్రీటుకి ‘టై’ చేయడం, అంటే రెంటినీ విడిపోకుండా అతికించేయడం, మానండి. టై చేస్తే షాంకు (బోల్టు కాడ) పొడవునా అతుక్కుని లేని బలం చూపిస్తుంది. తల దగ్గర కాంటాక్ట్ (ఆనితే ఒత్తే, లాగితే విడిపోయే జోడు) ఇవ్వండి, ప్లేటుని కింది కాంక్రీటు నుంచి విడిపోనివ్వండి, ప్లేటుని గట్టి దిమ్మలా తీసుకోవద్దు. పలచని ప్లేటు వంగితే బోల్టు మీద లాగుడు పెరుగుతుంది. పెడెస్టల్ చుట్టుపక్కల ముఖాలని ఫిక్స్ చేస్తే (కదలకుండా బిగిస్తే) గరాటు రానే రాదు. ఆ ఫిక్స్ అడుగు ముఖానికి మాత్రమే ఉండాలి. కాంక్రీటుకి పగుళ్ల శక్తి (పగులు తెరుచుకోవడానికి పట్టే శక్తి) ఇవ్వకుండా మెష్ (మోడల్‌ని ముక్కలు చేసే జాలీ) సన్నం చేస్తూ పోతే బలం తగ్గుతూనే ఉంటుంది, ఏ మెష్ నమ్మాలో తెలీదు.

ఉప్పు చెరువు పక్క షెడ్డయితే తుప్పుకి బోల్టు వ్యాసం తగ్గించి మోడల్‌ని ఇంకోసారి నడపండి. రాడ్లున్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు (ఉప్పులో ఉండేది) లీటరుకి 500 మి.గ్రా. మించితే కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఒప్పుకోదు.  సైటులో బోల్టు పక్కకి జరిగి ప్లేటు రంధ్రాన్ని గ్యాస్‌తో కోశారని ఫోన్ వస్తే, ఆ రంధ్రం కొలత తెప్పించుకుని అడ్డంగా తోసే కేసు మళ్లీ నడపండి. అప్పుడు నాలుగు బోల్టులూ ఒకేసారి బరువు తీసుకోవు.