కిట్ స్పీకర్‌లో బేస్ పలచగా ఉందా? కెపాసిటర్ మార్చే ముందు పెట్టె చూడండి

ఏఆర్, కెఫ్ కంపెనీల తరహా పాత డిజైన్ స్పీకర్ కిట్ తెచ్చుకుని, పెట్టె మాత్రం కార్పెంటర్ చేత చేయించి, డ్రైవర్లు (బేస్ పలికే ఊఫర్, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్), క్రాసోవర్ (ఏ శబ్దం ఏ డ్రైవర్‌కి వెళ్లాలో విడదీసే సర్క్యూట్) సొంతంగా బిగించుకున్నవాళ్ల కోసం ఇది. సోల్డరింగ్, మల్టీమీటర్ వాడకం వచ్చనే లెక్కతో రాస్తున్నాను.

సమస్య: స్పీకర్లు విడివిడిగా బాగానే ఉన్నాయి, రెండూ కలిపితే బేస్ మాయం

ఒక ఊఫర్‌కి ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. ఇది చూసుకోకుండా ఆంప్లిఫయర్‌ని రిపేరు షాపుకి మోసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆంప్లిఫయర్ వైర్లు తీసేసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని స్పీకర్ వెనక టెర్మినళ్లకి ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ ఎర్ర టెర్మినల్‌కి తగిలినప్పుడు రెండు ఊఫర్ల కోన్లూ (ఊగే గరాటు లాంటి పొరలు) ముందుకే రావాలి. డ్రైవర్ మీద ఉన్న ఎర్ర చుక్కని నమ్మకండి. పాత జేబీఎల్ డ్రైవర్లలో ఎర్రదానికి ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి పోతుంది.

ట్వీటర్‌కి నేరుగా సెల్ పెట్టకండి. ఆక్టేవ్‌కి 12 డెసిబెల్ క్రాసోవర్లలో చాలావాటికి ట్వీటర్‌ని కావాలనే తిప్పి కలుపుతారు. డ్రాయింగ్‌లో అలా ఉంటే అలాగే ఉంచండి. పొరపాటనుకుని సరిచేస్తే గొంతులు నాలుగడుగులు వెనక్కి జరిగినట్టు వినిపిస్తాయి.

సమస్య: ఒక్కో స్పీకర్ విడిగా విన్నా బేస్ లేదు, వాల్యూమ్ పెంచితే కోన్ మాత్రం తెగ ఊగుతోంది

అందరూ ఇక్కడే దారి తప్పుతారు. క్రాసోవర్ విప్పుతారు, ఖరీదైన పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు తెప్పిస్తారు, కాయిల్ మారుస్తారు. బేస్ అంగుళం కూడా కదలదు, ఎందుకంటే పెట్టెలోంచి గాలి పోతోంది.

1954లో ఏఆర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1 స్పీకర్‌తో తెచ్చిన మూసిన పెట్టె పద్ధతిలో ఊఫర్ సస్పెన్షన్ (కోన్‌ని పట్టి ఉంచే భాగం) చాలా మెత్తగా ఉంటుంది. కోన్‌ని వెనక్కి లాగే స్ప్రింగ్ పని చాలావరకు పెట్టెలో మూసి ఉన్న గాలిదే. ఎక్కడన్నా సందు ఉంటే ఆ స్ప్రింగ్ పోయినట్టే. కోన్ ఎక్కువ ఊగుతుంది, శబ్దం తక్కువ వస్తుంది, తబలా డగ్గా దెబ్బ దగ్గర బుస్సుమని గాలి చప్పుడు వినిపిస్తుంది. కంటికి మాత్రం పెట్టె నున్నగా, కొత్తగా, ఏ లోపం లేనట్టే ఉంటుంది.

ముందు చేతి పరీక్ష. ఆంప్లిఫయర్ వైరు తప్పనిసరిగా పీకేయండి, లేదంటే దాని డాంపింగ్ (ఊగకుండా పట్టి ఆపే గుణం) వల్ల కోన్ నెమ్మదిగా కదిలి మిమ్మల్ని మోసం చేస్తుంది. డస్ట్‌క్యాప్ (కోన్ మధ్యలోని గుండ్రటి మూత) చుట్టూ నాలుగు వేళ్లు సమానంగా ఆనించి 4, 5 మిల్లీమీటర్లు లోపలికి నొక్కి, రెండు మూడు సెకన్లు పట్టుకుని వదలండి. మెల్లగా జరుగుతూ వెనక్కి వస్తే సీల్ బాగుంది. నొక్కేటప్పుడు గట్టిగా ఎదురుతిరిగి, వదలగానే టక్కున వచ్చినా భయం లేదు, పెట్టె మరీ బిగుతుగా ఉందంతే. నొక్కితే మెత్తగా దిగిపోయి, వదలగానే టక్కున వచ్చిందా, లీకే. ఇది మూసిన పెట్టెలకే. పోర్ట్ (గాలి కోసం కావాలనే పెట్టిన రంధ్రం) ఉన్నవాటికి పనికిరాదు.

ఎక్కడ లీకవుతోందో పట్టుకోవడానికి ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, 35 హెర్ట్జ్ దగ్గర కోన్ కొద్దిగా ఊగేంత వాల్యూమ్‌లో ఆడించండి. ఫ్యాన్ ఆపేసి, అగరుబత్తి పొగని అతుకుల వెంబడి నడపండి. సందు ఉన్నచోట పొగ వణుకుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే మేస్త్రీలు వాడే లెవెల్ పైపు రెండడుగులు కోసి, ఒక చివర చెవిలో, రెండో చివర అతుకు మీద. లీకు దగ్గర బుసబుస స్పష్టంగా వినిపిస్తుంది.

ముందుగా వెతకాల్సింది ఊఫర్ ఫ్రేమ్ కింద. కిట్‌తో వచ్చే అంటుడు ఫోమ్ టేపు మన ఎండలకి ఒకట్రెండేళ్లలో అప్పడంలా అణిగిపోతుంది. దానికి తోడు ఎండీఎఫ్‌లో స్క్రూ అతిగా బిగిస్తే రంధ్రం నలిగి, ఫ్రేమ్ ఒక పక్కకి లేస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ గాస్కెట్లు కోసేవాళ్ల దగ్గర 2 లేదా 3 మిల్లీమీటర్ల రబ్బరు కార్క్ షీటు అడిగి, ఫ్రేమ్ కొలతకి రింగు కోయించుకోండి. స్క్రూలు వరసగా కాకుండా ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాలి. నలిగిన రంధ్రాల్లో ఫెవికాల్ ముంచిన చెక్కపుల్ల దిగ్గొట్టి, మర్నాడు కొత్తగా డ్రిల్ చేయండి.

తర్వాత టెర్మినల్ ప్లేటు, వైరు రంధ్రాలు. చాలామంది సిలికాన్ పూస్తారు. వెనిగర్ వాసన వేసే సిలికాన్ మాత్రం వద్దు, అందులోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. మళ్లీ విప్పనక్కర్లేని రంధ్రాలకి ఎం-సీల్ చాలు.

చివరిది, అసలు ఎవరికీ తట్టనిది: పెట్టె లోపలి మూలలు. మేకులు, ఫెవికాల్‌తో బిగించిన పెట్టె వానాకాలంలో బాగానే ఉండి ఎండాకాలంలో సందులిస్తుంది. రోహిణి కార్తెకి రోళ్లే పగులుతాయంటారు, అతుకులెంత! బయట సన్‌మైకా ఉంటే ఆ సందు కనిపించదు కూడా. ఊఫర్ రంధ్రంలోంచి చెయ్యి దూర్చి, ఫెవికాల్‌లో సన్నని రంపపు పొట్టు ముద్దలా కలిపి ప్రతి మూల వెంబడీ పూయండి. రెండు రోజులు ఆరనివ్వాలి. ఇది అయ్యాక చేతి పరీక్ష మళ్లీ చేయండి.

అన్నీ మూసినా లీకు పోలేదంటే కోన్ అంచునే అనుమానించండి. పాత గుడ్డ సరౌండ్ (కోన్ చుట్టూ ఉండే మెత్తని అంచు) మీది పూత ఎండిపోతే గుడ్డలోంచే గాలి పోతుంది. దానికి వెనకవైపు నుంచి సరౌండ్ పూతే పల్చగా వేయాలి. వార్నిష్ వేస్తే సరౌండ్ బిగుసుకుపోతుంది. ఫోమ్ సరౌండ్ అయితే వేలితో తాకండి, రాలితే మార్చడమే.

సమస్య: ట్వీటర్ గుచ్చుతోంది

క్రాసోవర్‌లోని పాత నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ తీసేసి ఫిల్మ్ కెపాసిటర్ వేశారా? పాతదానికి సొంతంగా కొంత రెసిస్టెన్స్ ఉండేది, కొత్తదానికి లేదు. ట్వీటర్‌కి సిరీస్‌లో 0.5 నుంచి 1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ వేసి వినండి. గవర్నర్‌పేట విడిభాగాల షాపులో నాన్‌పోలార్ లేదంటూ మామూలు ఎలక్ట్రోలైటిక్ చేతిలో పెడితే తీసుకోకండి.

సమస్య: ట్వీటర్ మూగ

వైరు విప్పి కొలవండి. 8 ఓమ్స్ ట్వీటర్ మల్టీమీటర్‌లో 5.5 నుంచి 7 వరకు చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది.

సమస్య: బేస్ ఉంది కానీ మొద్దుగా, గుబగుబలాడుతోంది

లోపల పరుపుల దూది కుక్కినట్టున్నారు. గుంటూరులో దూదికి కొదవ లేదు గానీ, అది తేమ పట్టి అడుక్కి చేరుతుంది. దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్ లీటరుకి సుమారు 10 గ్రాములు, అంటే 25 లీటర్ల పెట్టెకి పావుకిలో, విడదీసి పరచండి.

మాగ్నెట్ జరగడం, కోన్ నొక్కితే కరకరమని కాయిల్ రాసుకోవడం అరుదు, వాటికి డ్రైవర్ మార్పించుకోవడమే. క్రాసోవర్‌లోని కాయిల్ మధ్యలోంచి ఇనుప స్క్రూ వేసి ఉంటే తీసి ఇత్తడిది వేయండి.