వస్తువు మీద డీఎన్‌ఏ ఉందని అనుమానమొస్తే ఏం చేయాలి

మనం ముట్టుకున్న వస్తువుకి మన డీఎన్‌ఏ అంటుకుంటుందా అంటే చాలాసార్లు అంటుకుంటుంది, 1997లోనే ఆస్ట్రేలియా సైంటిస్టులు చేత్తో పట్టుకున్న మామూలు వస్తువుల మీద నుంచి డీఎన్‌ఏ తీసి చూపించారు. అసలు చిక్కు ఏంటంటే అది ఒక చోట నుంచి ఇంకో చోటికి కూడా పాకుద్ది, మీరు ఒకరికి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్ళి తలుపు గడియ పట్టుకుంటే ఆ మనిషి అటువైపు రాకపోయినా అతని డీఎన్‌ఏ అక్కడ దొరకొచ్చు.

అందుకే దొంగతనమో దాడో జరిగితే ముందు ఏదీ ముట్టుకోకండి, ఫొటో తీసి పోలీసులకి చెప్పి ఆగండి. ఆ వస్తువుని తీయక తప్పదనుకుంటే కొత్త గ్లౌజులు, మాస్క్ వేసుకోండి, ఎందుకంటే మాట్లాడేటప్పుడు తుంపర్లు పడతాయి. గ్లౌజులేసుకున్నాం కదా అని ఫోనూ తలుపూ అన్నీ పట్టుకుని అదే చేత్తో ఆ వస్తువు తీస్తే వాటి మీదున్నదంతా దీనికి అంటించినట్టే, కాబట్టి వస్తువు వస్తువుకీ గ్లౌజులు మార్చాలి, జనం మామూలుగా పట్టుకోని అంచు దగ్గర పట్టుకోవాలి. తుడవద్దు, కడగొద్దు.

పేపర్ కవర్లోనే పెట్టండి, ఒక్కో వస్తువుకి ఒక్కో కవర్. ప్లాస్టిక్‌లో చెమ్మ నిలిచి బూజు పట్టి డీఎన్‌ఏ పాడైపోద్ది. తడిగా ఉంటే నీడలో ఆరనివ్వాలి, ఎండ వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. కవర్ని నాలుకతో తడిపి అంటించకండి, టేప్ వేయండి. తేదీ, టైమ్, ఎవరు ముట్టుకున్నారో పైన రాసెయ్యండి, మీరు ముట్టుకున్నా సరే దాచకుండా చెప్పండి, మీ డీఎన్‌ఏని లెక్కలోంచి తీసేయడానికి అదే కావాలి.

ఇక ల్యాబ్ నుంచి డీఎన్‌ఏ రిపోర్ట్ వచ్చాక, అది ఎవరిదో చెప్తుంది గానీ ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పదు, ఇది చాలా ముఖ్యం. 2012లో కాలిఫోర్నియాలో హత్యకి గురైన మనిషి గోళ్ళ మీద ఒకతని డీఎన్‌ఏ దొరికితే అతన్ని నెలల తరబడి జైల్లో పెట్టారు, తీరా చూస్తే ఆ రాత్రి అతను ఆసుపత్రిలో ఉన్నాడు, ఇద్దరినీ చూసిన అంబులెన్స్ సిబ్బంది ఒకరే! జర్మనీలో అయితే చాలా నేరాల దగ్గర ఒకే డీఎన్‌ఏ దొరికిందని ఏళ్ళ తరబడి ఒక హంతకురాలి కోసం వెతికారు, 2009లో తేలిందేంటంటే ఆ డీఎన్‌ఏ, శాంపిల్ తీసే దూది పుల్లల్ని ప్యాక్ చేసిన కార్మికురాలిది.

కాబట్టి రిపోర్ట్ చూడగానే ఎవర్నీ దోషి అనేయకుండా వస్తువులో ఏ భాగం నుంచి తీశారు, రక్తమా ఎంగిలా ఉత్త చేతి స్పర్శేనా, ఒక్కరిదా నలుగురిది కలిసిందా, ఇవి అడగండి, లాయర్ ఉంటే ఆయన చేత అడిగించండి.