పాత కాయిన్స్ పోగెయ్యాలనుంటే ఇలా మొదలెట్టండి

ముందు డబ్బు పెట్టి ఏదీ కొనకండి, ఇంట్లో అమ్మమ్మల పాత డబ్బాలు, దేవుడి గూట్లో చిల్లర వెతికితే 1957 నుంచి 1964 దాకా వచ్చిన నయా పైసలు, అల్యూమినియం 20 పైసలు దొరికే ఛాన్స్ ఉంది. ఆ తర్వాత కాయిన్ మీద వేసిన సంవత్సరానికి కింద చూడండి, అక్కడి గుర్తే అది ఏ మింట్‌లో (అంటే కాయిన్స్ తయారుచేసే టంకశాలలో) తయారైందో చెప్తుంది, చిన్న స్టార్ ఉంటే మన హైదరాబాద్ మింట్‌ది, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది రూపాయి నాలుగు మింట్లదీ సెట్ చేయడం మొదలెడితే ఇక ఆగలేరు, ఆ ఆనందమే వేరు!

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, చింతపండు పెట్టి తోమొద్దు. మెరుపు వస్తుంది కానీ పైనున్న సహజమైన పొర పోయి విలువ పడిపోతుంది. అంచులు పట్టుకోండి, పీవీసీ కవర్లు వద్దు, అవి కాలం గడిచాక కాయిన్‌కి పచ్చటి జిగురు పట్టిస్తాయి.

అసలు కష్టం నకిలీలతో. బ్రిటిష్ వెండి రూపాయి అని ఎవరైనా అమ్మితే అయస్కాంతం పెట్టండి, అంటుకుంటే వెండి కాదు, అంటుకోకపోయినా బరువు చూడాల్సిందే, 11.66 గ్రాములు ఉండాలి, అరిగితే కాస్త తగ్గుతుంది. పాత కాయిన్‌కి లక్షలిస్తాం ముందు ఫీజు కట్టండి అనే మెసేజ్‌లు నమ్మకండి, ఆర్బీఐ కూడా 2021లో హెచ్చరించింది.